గట్టి మన్ను తగిలేదాకా

2021 కార్తీకంలో, పీకిన చెనక్కాయ చెట్ల కుప్ప ముందర కూర్చుని కాయలు తుంచుతున్న మా ఆమె ఉన్నట్టుండి చెయ్యి ఆపింది. కుడి రొమ్ము కింద, కొంచెం పక్కకు తడుముకుంది. "ఏమప్పా, ఈడ చూడు, రాయి మాదిరి తగల్తాంది" అనింది. నేనూ తడిమినాను. చర్మం దాని మీద జారుతోంది, అది మాత్రం జరగలేదు. నిమ్మకాయంత ఉంది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఇద్దరమూ మళ్ళీ పనిలో పడినాము. ఆ పూట నుంచి ఆమె ఆపరేషన్ బల్ల మీదికి చేరేటప్పటికి పదకొండు నెలలు గడిచిపోయినాయి. ఇంకొక ఇంట్లో ఎవరికీ అన్ని నెలలు పోకూడదని ఇది రాస్తున్నాను.

మాది బుక్కరాయసముద్రం. ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉండే అనంతపురం మెట్టలో, 14వ శతాబ్దంలో బుక్కరాయల కాలాన కట్టిన చెరువు పక్కన పుట్టి పెరిగిన వాణ్ని. చిన్ననీటి పారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా 34 ఏళ్ళు చేసి దిగిపోయినాను. వైద్యం నాకు తెలియదు. కట్ట తెలుసు, తూము తెలుసు, మరువ తెలుసు, గండి పడితే రాత్రంతా నిలబడి పూడ్పించడం తెలుసు. మా ఆమె జబ్బు నాకు అర్థమయింది ఆ తెలివితోనే.

ముందు ఆ పదకొండు నెలల సంగతి. మొదట పూత మందు రాసినాము. తరువాత ఒకాయన, బరువెత్తినప్పుడు పక్కెముక జరిగిందని చెప్పి కట్టు కట్టినాడు. ఆ కట్టుతోనే సంక్రాంతీ ఉగాదీ గడిచినాయి. గడ్డ నిమ్మకాయ నుంచి బత్తాయికి వచ్చింది. వేసవిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే, "కొవ్వుగడ్డమ్మా, అక్కడికక్కడే మత్తిచ్చి తీసేస్తాం, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు" అని తేదీ కూడా రాసిచ్చినారు. మాకు సంతోషమే అయింది.

ఆ తేదీకి రెండు రోజుల ముందు మనవరాలికి జ్వరమొస్తే అనంతపురం తీసుకుపోయినాము. పాపను చూసిన చిన్న డాక్టరమ్మకు మాటల్లో మాటగా ఈ సంగతి చెప్పినాము. ఆమె మా ఆమెను తెర వెనక్కు పిలుచుకుపోయి గడ్డ చుట్టూ వేళ్ళతో నొక్కి చూసింది. చేతులు పైకెత్తించింది, నడుము తిప్పించింది. "పెద్దమ్మా, కొవ్వుగడ్డయితే వేళ్ళ కింద జారుతుంది. ఇది ఎముకను పట్టుకుని ఉంది. సిటి స్కాన్ తీయించకుండా దీని మీద ఎవ్వరినీ కత్తి పెట్టనియ్యొద్దు" అని చెప్పింది. ఆ మాట కోసం ఆమె ఫీజు కూడా అడగలేదు. ఆ అమ్మాయికి నేను చేసే దండం ఇప్పటికీ పూర్తి కాలేదు.

సిటి ఫిల్ములో కుడివైపు ఆరో పక్కటెముక ఒకచోట ఉబ్బి, పగిలి, అందులోంచి ఒక ముద్ద బయటికీ లోపలికీ పెరిగి కనిపించింది. ముద్ద నిండా తెల్ల చుక్కలు, గుండ్రటి గీతలు, బొరుగులు చల్లినట్టు. మృదులాస్థిలో పుట్టిన గడ్డల్లో సున్నం అట్లా పేరుకుంటుందట. మృదులాస్థి అంటే పక్కటెముకలను ముందర రొమ్ము ఎముకకు కలిపే మెత్తటి ఎముక. చెవిదొప్పలో తగిలేదీ ఆ జాతిదే. పెద్దవాళ్ళ పక్కటెముకల మీద, రొమ్ము ఎముక మీద మృదులాస్థి గడ్డ కనిపిస్తే, కాదని తేలేదాకా దాన్ని క్యాన్సరుగానే చూడాలన్నది ఈ వైద్యంలో పాత కట్టుబాటు. ఎందుకంటే మంచి గడ్డకూ చెడ్డ గడ్డకూ తేడా సూక్ష్మదర్శిని కింద కూడా ఒక్కోసారి దొరకదు.

ఛాతీ గోడలోనే పుట్టే గడ్డలు అరుదు. పక్కటెముకల మీద కనిపించే క్యాన్సర్లు ఎక్కువగా వేరేచోట, రొమ్ములోనో ఊపిరితిత్తిలోనో ప్రోస్టేటులోనో పుట్టి అక్కడికి వచ్చినవే. కాబట్టి ఇది ఇక్కడ పుట్టిందా, వలస వచ్చిందా అన్నది ముందు తేల్చాలి. వలస వచ్చినదయితే వైద్యమే వేరు. ఇక్కడే పుట్టిన వాటిలోనూ కొన్ని నిరపాయమైనవి ఉంటాయి. పిల్లలకూ వయసు పిల్లలకూ వచ్చే ఈవింగ్ సార్కోమాకు ముందు కీమో ఇచ్చి కుదించి, ఆ తరువాతే కత్తి పట్టుకుంటారు. మా ఆమెకు వచ్చింది కాండ్రోసార్కోమా. ఛాతీ ఎముకల్లోనే పుట్టే చెడ్డ గడ్డల్లో పెద్దవాళ్ళకు ఎక్కువగా వచ్చేది ఇదే. నిదానంగా పెరుగుతుంది. కీమోకు పెద్దగా లొంగదు, కరెంటు వైద్యమనే రేడియేషన్‌కూ అంతంతమాత్రమే. దానికి అసలు మందు కత్తే. అదీ మొదటిసారే సరిగ్గా పడాలి.

మా పెద్దోడు బెంగళూరులో ఉద్యోగం. వాని ఇంట్లో దిగి, అక్కడి ఆసుపత్రిలో చూపించినాము. ముందు సూదితో ముక్క తీసినారు. ఆ సూది పొడిచేచోటు కోసం డాక్టరు సారు స్కేలు పెట్టి కొలుచుకోవడం చూసినాను. "సూది పోయిన దారిలో గడ్డ కణాలు అంటుకుని ఉండొచ్చు. రేపు కోసేటప్పుడు ఆ దారిని కూడా చర్మంతో సహా తీసెయ్యాలి. అందుకే నేను కోయబోయే గీత మీదే పొడుస్తాను" అని చెప్పినారు. అప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మాకు తేదీ ఇచ్చిన చోట ఆ గడ్డను గిల్లి తీసివుంటే, కణాలు కండలోకీ చర్మం కిందికీ చెదిరిపోయి, రెండోసారి కోసేవాళ్ళకు హద్దే దొరికేది కాదు.

రిపోర్టు వచ్చినాక నేను అడిగింది రెండే: "ఎంత మేర తీస్తారు సార్, తీసినచోట ఏం పెట్టి పూడుస్తారు?" మా పెద్దోడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. డాక్టరు సారు మాత్రం కాగితం తీసుకుని బొమ్మ గీయడం మొదలుపెట్టినారు.

నేను ఆ ప్రశ్నలు ఎందుకు అడిగినానో చెప్పాలంటే కట్ట సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చెరువు కట్టకు బుంగ పడింది. ఎలుక బొక్కంత రంధ్రంలోంచి బురద నీళ్ళు వస్తున్నాయి. నేను ఆ నోట్లో రెండు బస్తాలు ఇసుక కుక్కించి పోదామన్నాను. ముసలి మేస్త్రీ ఒప్పుకోలేదు. "నోరు మూస్తే ఏమొస్తాది సామీ? లోపల నాని ఉండే మన్నంతా తీసెయ్యాల. గట్టి మన్ను తగిలేదాకా తవ్వాల. తగిలినాక ఇంకో మూర తవ్వాల" అన్నాడు. కట్టలో పెద్ద గాడి పెట్టినాము. నాకు గుండెలు జారిపోయినాయి. అప్పుడు తెలిసింది, ఆయన అంత ధైర్యంగా తవ్వుతున్నది, పూడ్చడం తెలిసి. నల్లరేగడి ఎక్కడుందో, గరుసు ఎక్కడుందో, పాత మన్నుకూ కొత్త మన్నుకూ అతుకు కుదరడానికి అంచులను మెట్లు మెట్లుగా ఎట్లా కోయాలో ఆయనకు తెలుసు. పూడ్చడం రానివాడు ఎప్పుడూ తక్కువే తవ్వుతాడు. తక్కువ తవ్విన బుంగ మళ్ళీ నోరు తెరుస్తుంది.

డాక్టరు సారు గీసిన బొమ్మలో గడ్డ 6 సెంటీమీటర్లు. దాని చుట్టూ అన్ని వైపులా 4 సెంటీమీటర్ల మంచి ఎముక, మంచి కండ. ఆరో పక్కటెముకతో పాటు పైది, కిందిది కూడా కొంత కొంత పోతాయి. లోపలివైపు ఊపిరితిత్తికీ గోడకూ మధ్య ఉండే పొర కూడా ఆ ముక్కతోనే వస్తుంది. ఈ నాలుగు సెంటీమీటర్ల లెక్క ఊరికే వచ్చింది కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్ళు తమ దగ్గర ఛాతీ గోడ గడ్డలకు ఆపరేషన్ అయిన వాళ్ళ లెక్కలు 1986లో ప్రకటించినారు. చుట్టూ 4 సెంటీమీటర్లు, అంతకన్నా ఎక్కువ తీసినవాళ్ళలో ఐదేళ్ళ తరువాత నూటికి 56 మంది జబ్బు లేకుండా ఉన్నారు. రెండే సెంటీమీటర్లు తీసినవాళ్ళలో 29 మంది. ఆ రెండు అంకెల మధ్య ఉన్న మనుషుల గురించి నేను చాలా రాత్రులు ఆలోచించినాను. వాళ్ళకు తేడా వచ్చింది రెండు సెంటీమీటర్ల దగ్గర.

బొమ్మలో తేలిన గండి నా అరచెయ్యి వేళ్ళతో సహా చాపినంత ఉంది. మనిషి రొమ్ములో అంత గండి.

మా ఆమె అంతసేపూ మాట్లాడలేదు. ఆ బొమ్మ చూసినాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకొద్దు సార్. మా నాయన మాదిరి ఒక పక్కకు వంగిపోయి బతకలేను" అనింది.

మా మామను నేను చూసినాను. ఎడమ భుజం జారిపోయి, ఆ వైపు రొమ్ము లోపలికి గుంట పడి, వెన్ను వంకర తిరిగి ఉండేది. అంగీ ఎప్పుడూ ఒక పక్కకు జారుతుండేది. ఆయనకు 1950ల నడుమ క్షయ. అప్పుడు రాయలసీమ నుంచి క్షయ రోగులు పోయేది మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికి. 1915 నుంచి ఆ కొండ గాలిలో నడిచిన మిషన్ శానిటోరియం అది. దాన్ని నిలబెట్టింది డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్. క్షయకు సరైన మందులు ఇంకా అందరికీ అందని ఆ రోజుల్లో, పుండు పడిన ఊపిరితిత్తికి విశ్రాంతినివ్వడానికి దాన్ని అణిచిపెట్టడమే వైద్యం. అందుకని పక్కటెముకలను వరసగా తీసేసి, గోడ ఊపిరితిత్తి మీదికి కూలేటట్టు చేసేవాళ్ళు. ఒకేసారి తీస్తే ఊపిరాడదు కాబట్టి, కొన్ని వారాల ఎడంతో రెండు మూడు విడతలుగా చేసేవాళ్ళు. మా మామ ఆ గుంట పడిన రొమ్ముతోనే సేద్యం చేసి ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసినాడు. ఆ కోత ఆయన ప్రాణం నిలిపింది. కాని కూతురు చిన్నప్పటి నుంచి చూసింది ఆ వంకరే.

డాక్టరు సారు ఆమెకు ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. "అమ్మా, మీ నాయనకు ఎముకలు తీసింది గోడ కూలాలని. నేను తీసేది గోడ నిలబడాలని. రెండూ కోతలే, కాని ఆఖరున చేసే పని తలకిందులు" అని చెప్పినారు. ఇంకొక సంగతి చెప్పినారు, అది నేను ఎక్కడా వినలేదు. పక్కటెముకకు పైన తొడుగు మాదిరి ఒక పొర ఉంటుంది. క్షయ ఆపరేషన్లో ఎముకను తీసి, ఆ పొరను ఉన్నచోటే వదిలిపెట్టేవాళ్ళు. పొరలోంచి కొత్త ఎముక పుట్టి, కూలిన గోడ కూలినట్టే గట్టిపడేది. గడ్డ ఆపరేషన్లో ఆ పొరను వదలడానికి లేదు, అందులో జబ్బు దాగి ఉండొచ్చు. కాబట్టి మా ఆమెకు ఎముక మళ్ళీ మొలవదు. మొలవదు కాబట్టే గోడను మనుషులు కట్టాలి.

గోడ ఎందుకు అంత ముఖ్యమో కూడా ఆయనే చెప్పినారు. ఊపిరితిత్తికి తనంతట తాను ఉబ్బే శక్తి లేదు. మన భాష దానికి తిత్తి అని పేరు పెట్టింది, కొలిమి తిత్తి మాదిరి. తిత్తిని ఎవరో లాగాలి. పన్నెండు జతల పక్కటెముకలు పైకి లేస్తే, కింద డయాఫ్రం అనే కండ పొర కిందికి దిగితే, లోపల చోటు పెరిగి గాలి లోపలికి వస్తుంది. ఊపిరితిత్తికీ గోడకూ మధ్య సన్నటి సందులో ఎప్పుడూ బయటి గాలి కన్నా తక్కువ ఒత్తిడి ఉంటుంది. ఆ పీల్పుతోనే తిత్తి గోడను అంటిపెట్టుకుని ఉంటుంది. గోడలో ఒక చోట ఎముక లేకుండా మెత్తబడితే, ఊపిరి పీల్చినప్పుడు ఉబ్బాల్సిన ఆ చోటు లోపలికి కుంగుతుంది, వదిలినప్పుడు బయటికి పొంగుతుంది. మనిషి రోజుకు 20,000 సార్ల దాకా ఊపిరి తీస్తాడు. అన్నిసార్లూ ఎదురు నడిచే గోడతో ఎంతసేపు బతకగలడు?

ఒకప్పుడు రొమ్ము తెరిస్తేనే మనిషి పోయేవాడు. గోడకు చిల్లు పడగానే బయటి గాలి దూరి ఊపిరితిత్తి ముడుచుకుపోయేది. 1898లో న్యూ ఆర్లీన్స్ సర్జన్ ఫ్రెడరిక్ పార్హం ఛాతీ ఎముకల గడ్డలు తీసిన అనుభవాన్ని రాసినప్పుడు, గొంతులోంచి గాలి ఊదే పరికరమే ఆయనకు దిక్కయింది. 1904లో జర్మన్ సర్జన్ సావర్‌బ్రుక్ ఇంకొక దారి చూసినాడు. గాలి ఒత్తిడి తగ్గించిన గదిలో డాక్టర్లూ రోగి ఒళ్ళూ ఉంటే, రోగి తల మాత్రం గది బయట ఉండేది. చివరికి నిలిచింది గొంతులోకి గొట్టం దింపి గాలి కొట్టే పద్ధతి. మన వైపు, 1940ల చివర అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ రీవ్ బెట్స్ వేలూరు సి.ఎం.సి.లో ఛాతీ శస్త్రచికిత్స విభాగం మొదలుపెట్టి మనవాళ్ళకు నేర్పినారు. ఇప్పుడు రెండు దారుల గొట్టం వేసి, కోసేవైపు ఊపిరితిత్తిని పక్కన పడుకోబెట్టి, రెండోదానితో మనిషిని బతికిస్తూ గంటల తరబడి పనిచేస్తారు.

ఒప్పుకోవడానికి మా ఆమెకు మూడు రోజులు పట్టింది. నేను ఏమీ చెప్పలేదు. మూడో రోజు రాత్రి తానే, "భుజం వంగదని సారు గట్టిగా చెప్పినాడు కదప్పా?" అనింది. చెప్పినాడన్నాను. ముసలమ్మకు మొక్కుకుంది. కట్టమంచి రామలింగారెడ్డి గారు కావ్యంగా రాసిన ముసలమ్మ మా ఊరి కోడలు, గండి పడబోయిన చెరువు కట్టకు తన ప్రాణమిచ్చిన తల్లి. మా ఊరి ఆడవాళ్ళకు ఏ కష్టమొచ్చినా మొదట తలుచుకునేది ఆమెనే.

ఆపరేషన్‌కు ముందు మూడు వారాలు ఒంటిని సిద్ధం చేసినారు. రక్తం తక్కువ, దాన్ని పెంచాలి. జీవితమంతా కట్టెల పొయ్యి ముందర ఊదిన మనిషి కాబట్టి ఊపిరి పరీక్ష ఒకటికి రెండుసార్లు చేసినారు. మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలన్నారు. మొదటి రోజు ఒక బంతి లేచింది. మూడో వారానికి మూడూ లేచి నిలబడేవి. ఈ డబ్బాను ఆటవస్తువు అనుకుని చాలామంది మంచం కింద పడేస్తారు. ఆపరేషన్ తరువాత నిమోనియా రాకుండా చూసుకోవడానికే దాన్ని ఇస్తారు. ఖర్చు సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం వంటివాటిలో ఏ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో, ఇంటి నుంచి బయలుదేరక ముందే ఆ పథకం చూసే ఉద్యోగిని అడిగి తెలుసుకోండి. మేము అడగకుండా పోయి, ఒక ఎకరా తాకట్టు పెట్టుకున్నాము.

గండి పూడ్చడానికి ఏం వాడతారో డాక్టరు సారు బల్ల మీద పెట్టి చూపించినారు. అన్ని గండ్లూ పూడ్చనక్కరలేదట. 5 సెంటీమీటర్ల లోపువయితే కండ కప్పితే చాలు. వీపు మీద రెక్క ఎముక కింద పడే గండి కొంచెం పెద్దదయినా, ఆ రెక్కే మూతగా ఉంటుంది. కాని రెక్క కింది మొన దగ్గర గండి వదిలితే, చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆ మొన లోపలికి జారి పక్కటెముకల మధ్య ఇరుక్కుంటుందట. నాకు అక్కడ తూము తలుపు గాడిలో ఇరుక్కోవడం గుర్తొచ్చింది. ముందరా పక్కనా పడే పెద్ద గండికి మాత్రం గట్టి గోడ కావాలి.

దోమతెర మాదిరి పాలీప్రొపిలీన్ వల ఒకటి, ఎర్రమట్టి పెంకు మాదిరి వంపు తిరిగిన బోన్ సిమెంటు ముక్క ఒకటి నా చేతికిచ్చినారు. వల ఒక్కటే వేస్తే నులక మంచం మాదిరి బిగలాగి కుట్టాలి, వదులయితే కుంగుతుంది. ఇంకొంచెం గట్టిదనం కావాలంటే రెండు వలల మధ్య బోన్ సిమెంటు పరుస్తారు. మోకాలి కీలు మార్చేటప్పుడు వాడే సిమెంటే అది. పొడి, ద్రవం కలిపితే ముద్దవుతుంది. కొన్ని నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కి రాయవుతుంది. అందుకని ఒంటికి దూరంగా, రొమ్ము వంపుకు తగ్గట్టు మలుచుకుని, చల్లారినాక అమరుస్తారు. వల అంచులు నాలుగు వైపులా కొంగు మాదిరి బయటికి వదిలి, తెగిన పక్కటెముకలకు రంధ్రాలు పెట్టి వాటికి కుడతారు. టైటానియం పట్టీలు కూడా ఉన్నాయి. తేలిక, తుప్పు పట్టదు, తెగిన ఎముక ఈ కొస నుంచి ఆ కొసకు వంతెన మాదిరి బిగిస్తారు. 2015లో స్పెయిన్‌లోని సలమాంకాలో 54 ఏళ్ళ ఒకాయనకు రొమ్ము ఎముకనూ పక్కటెముకల ముక్కలనూ ఒకటిగా టైటానియంతో త్రీడీ ప్రింటింగ్ చేసి పెట్టినారు, ఆ ముక్క తయారైంది ఆస్ట్రేలియాలో. ఎంత మంచి లోహమైనా రోజుకు 20,000 సార్లు వంగితే అలిసిపోయి విరగొచ్చని, బిగించిన మరలు వదులు కావచ్చని కూడా ఆయన దాచకుండా చెప్పినారు. మా ఆమెకు వలా సిమెంటూ అని తేల్చినారు.

అన్నిటికన్నా ఆయన భయపడింది చీముకు. బయటి వస్తువుకు క్రిములు పడితే మందులు అక్కడికి సరిగా చేరవు, మళ్ళీ తెరిచి తీసెయ్యాల్సి రావొచ్చు. దానికి కాపలా రక్తం బాగా పారే కండ. వీపు మీద చంక దాకా పరుచుకున్న వెడల్పాటి కండను, దాని రక్తనాళం తెగకుండా, చంక కింది నుంచి ముందరికి తిప్పి గోడ మీద కప్పుతారు. ఇటలీ సర్జన్ టాన్సినీ 1906లో రొమ్ము కోతను కప్పడానికి చెప్పిన ఉపాయం అది. కట్టకు మేము పరిచే రాతి పరుపు పనే ఇక్కడ కండ చేస్తుంది.

2022 అక్టోబరులో ఆపరేషన్. ఐదున్నర గంటలు. నేను వరండాలో నిలబడే ఉన్నాను. గండి పూడ్చేటప్పుడు కూర్చునే అలవాటు నాకు లేదు. డాక్టరు సారు బయటికి వచ్చి, "గడ్డను మేము కళ్ళతో చూడలేదు, మంచి కండలో చుట్టుకునే బయటికి వచ్చింది" అన్నారు. ఆ మాట విలువ నాకు తెలుసు. బురద నీళ్ళు చుక్క కూడా బయటికి రాకుండా బుంగ మొత్తం గంపకెత్తినట్టు.

మరుసటి రోజు ఐసియులో ఆమె మంచం పక్కన నేలమీద ఒక సీసా. రొమ్ములోంచి వచ్చిన గొట్టం కొస అందులోని నీళ్ళలో మునిగి ఉంది. లోపలి గాలీ రక్తమూ బయటికి రావచ్చు, బయటి గాలి లోపలికి పోకూడదు. నీళ్ళే తలుపు. గొట్టంలో నీటి మట్టం ఆమె ఊపిరితో పాటు పైకి లేస్తూ దిగుతూ ఉంది. చెరువు గేజి చదివినట్టు నేను ఆ గీతలు చదివి చిన్న పుస్తకంలో రాసుకున్నాను: మొదటి రోజు 320 మిల్లీలీటర్లు, రెండో రోజు 190, మూడో రోజు 110, ఐదో రోజు 40. నర్సమ్మ వచ్చి నా పుస్తకం చూసే తన కాగితంలో సరిచూసుకునేది. వెన్నులో సన్నటి గొట్టంతో నొప్పి మందు ఇచ్చినారు. నొప్పి ఉంటే మనిషి పైపైన ఊపిరి తీస్తుంది, దగ్గదు, కళ్ళె లోపలే నిలుస్తుంది. దిండును రొమ్ముకు అదుముకుని దగ్గమన్నారు. మూడు బంతుల డబ్బా మళ్ళీ వచ్చింది. మొదటి బంతి కూడా లేవలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. నాలుగో రోజుకు ఒకటి లేచింది.

డ్రెస్సింగ్ మార్చేటప్పుడు డాక్టరు సారు నన్ను దగ్గరికి పిలిచినారు. "ఇప్పుడు ఊపిరి పీలుస్తుంది, ఆ చోటునే చూడండి" అన్నారు. చూసినాను. రొమ్ము లేచింది, ఆ చోటూ దానితో పాటే లేచింది. కుంగలేదు.

తీసిన ముక్క రిపోర్టుకు పది రోజులు పట్టింది. ఎముకను ఆసిడ్‌లో నానబెట్టి మెత్తబరిస్తే గానీ పలుచగా కోసి చూడలేరట, తొందరపెట్టడానికి వీలులేదు. అంచులన్నీ శుభ్రం అని వచ్చింది. ఆ కాగితం నా పింఛను పుస్తకంలో పెట్టుకున్నాను.

ఇది పదేళ్ళ తరువాత కూడా తిరిగి రాగల జబ్బు, ఊపిరితిత్తుల్లో తేలగల జబ్బు. ఆరు నెలలకొకసారి సిటికి పోతున్నాము. ఇన్నేళ్ళు చాలు, ఇంక వద్దు అని మానుకునేది ఉండదు. ఆ కోత చుట్టూ చర్మానికి ఇప్పటికీ స్పర్శ లేదు, నరాలు ఎముకలతోనే పోయినాయి. చలికాలంలో పట్టేసినట్టు ఉంటుందంటుంది. కుడి చేత్తో బిందె ఎత్తదు. రోట్లో పచ్చడి నూరేటప్పుడు రొమ్ము కింద కండ ఎగిరిపడుతుంది. వీపు నుంచి వచ్చిన కండ కదా, చెయ్యి కదిలితే అదీ కదులుతుంది. మొదట్లో భయపడింది. ఇప్పుడు మనవరాలి చెయ్యి తీసుకుని అక్కడ పెట్టి, "ఇది నా ఈపు సూడు, ముందరికొచ్చి పని చేస్తాంది" అని చెప్తుంది.

పక్కటెముక మీద గట్టిగా, కదలకుండా గడ్డ తగిలితే, నొప్పి ఉన్నా లేకపోయినా, దయచేసి పూతలూ కట్లూ వద్దు. కొవ్వుగడ్డేలే అని చిన్న కోత కూడా వద్దు. ముందు ఎక్స్‌రే, సిటి. ఆ తరువాత తీయడమూ, తిరిగి కట్టడమూ రెండూ ఒకే చోట చేతనయినవాళ్ళ దగ్గరికి పోండి. సర్జన్ను నేను అడిగిన రెండు ప్రశ్నలే అడగండి. మంచి డాక్టరు ఎవరూ ఆ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోరు.

మొక్కు తీర్చడానికి పోయిన కార్తీకంలో టెంకాయ పట్టుకుని చెరువు కాడికి పోయినాము. కట్ట మీదికి ఆమె ముందర ఎక్కింది, నేను వెనక. మధ్యలో ఒక్కసారి ఆగింది, మళ్ళీ ఎక్కింది. పైన నీళ్ళ వైపు తిరిగి చేతులు జోడించింది. 34 ఏళ్ళు రసమట్టం పట్టుకున్న కళ్ళు నావి, వెంట్రుకంత వాలు ఉన్నా కనిపెడతాయి. వెనక నిలబడి ఆమె భుజాలు చూసినాను. రెండూ ఒకే మట్టంలో ఉన్నాయి.